దారిలో ఉన్న కూతురు

నాలుగో గదిలో ఫోను మోగింది. కొత్త నర్సు కోరిన్ ఉలిక్కిపడింది.

"తియ్యి అమ్మడూ, కూతురే అయ్యుంటుంది," అంది వార్డు పెద్ద నర్సు బెర్నడీన్. "ఆవిడ స్టీరింగు పట్టుకుని ఉంది. బయట మంచు చూశావుగా. అది గుర్తు పెట్టుకుని మాట్లాడు."

అని తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

మంచం మీద ఐనో కాంగస్. ఎనభై నాలుగేళ్ళు. సరస్సు ఒడ్డునున్న ఈ దులూత్ రేవు నుంచి ఇనుపరాయి మోసే ఓడల్లో నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి. నిన్న మెదడులో నరం చిట్లింది. ప్రాణం నిలిపే గొట్టాలూ యంత్రాలూ వద్దని ఎప్పుడో సంతకం పెట్టి ఉంచాడు. భార్య లేదు. ఉన్నది ఒక్క కూతురు, మార్లిస్. పొద్దున పదింటికి బెమిజి ఊరి నుంచి కారులో బయల్దేరింది. మంచి రోజుల్లోనే మూడు గంటల దారి.

"నాన్న ఎలా ఉన్నారు?" అంది మార్లిస్.

"ప్రశాంతంగా ఉన్నారండీ."

"నొప్పేమైనా?"

"లేదండీ. అసలు లేదు."

అవతల అద్దం తుడిచే వైపర్ల చప్పుడు వినిపించింది.

"పక్కన ఎవరున్నారు?"

"నేనున్నానండీ. మీరొచ్చేదాకా కదలను. మీరు మెల్లగా రండి."

"అలాగే," అంది మార్లిస్. "మెల్లగానే వస్తాను."

కోరిన్ ఫోను పెట్టేసింది.

ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. బడి బస్సుల ఆఫీసులో ఉద్యోగం మానేసి నర్సింగులో చేరింది. నాలుగేళ్ళ చదువును పద్నాలుగు నెలల్లో కుక్కిన కోర్సు. నలభై ఎనిమిది మంది చేరితే ముప్పై ఒక్కరు మిగిలారు. బట్టలుతికే మెషీను మీద పుస్తకం ఆనించి గుండె మందుల పేర్లు బట్టీ పట్టింది. మొగుడి చేతికి రక్తపోటు చూసే పట్టీ అదేపనిగా చుడుతుంటే, ఆయన తన చొక్కాల చేతులే కత్తిరించుకుంటానన్నాడు. ఆ చదువులో ప్రతి మందుకూ ఒక కొలత ఉంది. ఈ ఫోనుకు మాత్రం పాఠం లేదు.

గోరువెచ్చని నీళ్ళు తెచ్చింది. ముసలాయన దుప్పటి తొలగించబోతూ, "కాంగస్ గారూ, మీ పేరూ, పుట్టిన తేదీ చెబుతారా?" అనేసింది. మందిచ్చినా, మంచం సర్దినా ముందు ఆ ప్రశ్న అడగాలని కోర్సులో నేర్పారు. నోటికి అలవాటైపోయింది. తనకే సిగ్గేసి ఆయన చేతికున్న పేరు పట్టీ చూసుకుంది. తలవైపు మంచం కాస్త ఎత్తింది. ముఖం తుడిచింది.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మార్లిస్ పెట్రోలు బంకు దగ్గర ఆగింది.

"ఇందాక పేరు అడగలేదు నిన్ను."

"కోరిన్ అండీ."

"కొత్తగా చేరావా?"

"మూడో వారం."

"ఎన్నాళ్ళు చదివావు?"

"పద్నాలుగు నెలలు."

"పద్నాలుగు నెలలా! పసిపిల్లకు నోటినిండా పళ్ళు రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుందే తల్లీ!" అని నవ్వింది మార్లిస్. కోరిన్‌కూ నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. తనున్న చోటేమిటి, ఈ నవ్వేమిటి అనుకుంది.

"అన్నం తిన్నావా?"

"ఇంకా లేదండీ."

"నాన్న పక్కనే కూర్చుని తిను. ఎదుటివాళ్ళు తింటుంటే చూడడం ఆయనకు ఇష్టం. తిన్నాక గడ్డం గియ్యి. కుడి దవడ కింద చిన్న పులిపిరి కాయ ఉంటుంది, చూసుకో. ఇంకోటి. ఆయన పడవ నేను అమ్మలేదని చెప్పు."

కోరిన్ సంచిలోంచి శాండ్‌విచ్ తీసి ఆయన పక్కనే కూర్చుని తింది. సగం లోపలికి పోలేదు. తర్వాత సబ్బు నురుగు రాసి, కాయ తగలకుండా గడ్డం గీసింది. చెవి దగ్గరికి వంగి, "పడవ అమ్మలేదటండీ," అంది.

కిటికీ అవతల సరస్సు కనబడడం లేదు. అంతా తెలుపే. 'దేవా, ఈ మంచును ఆపడం నీకెంత పని? ఆపవు. ఎందుకు ఆపవో అడిగేంతదాన్ని కాదు. ఆ కూతురి చక్రాలు జారకుండా అయినా చూడు,' అనుకుంది. ఆదివారం చర్చిలో పెదవులు పలికే ప్రార్థన కాదది. ముసలాయన జుట్టు దువ్వుతున్న దువ్వెన చేతిలో ఉంది, చెయ్యగలిగింది ఇంకేమీ లేదు, అందుకని వచ్చిన ప్రార్థన.

ఆ తర్వాత మార్లిస్ ఇంకో రెండుసార్లు చేసింది. ఒకసారి దారికి అడ్డంగా జింకలొచ్చాయని చెప్పింది. ఒకసారి ఊరికే. "ఉన్నావా కోరిన్?" అంటే, "ఉన్నానండీ," అంది. అంతే.

మూడున్నరకు వరండాలో బూట్ల చప్పుడైంది. కోరిన్ లేచి నిలబడింది.

మార్లిస్ పరిగెత్తుకు రాలేదు. గుమ్మంలో మంచు దులుపుకుంది. చేతి తొడుగులు తీసింది. తండ్రి నుదుటి మీద అరచెయ్యి ఆనించి, వంగి ముద్దు పెట్టుకుంది. చెంప నిమిరింది.

"బాగా గీశావే," అంది.

కోరిన్ నోరు తెరిచింది. మూడు గంటలుగా కూడగట్టుకున్న మాటకు బదులు ఏడుపొచ్చింది.

మార్లిస్ ఆమెను దగ్గరికి తీసుకుంది.

"ఊరుకో తల్లీ, ఇరవై ఆరేళ్ళుగా నేనూ నర్సునే, నాన్న పోయారని నీ మొదటి మాటలోనే తెలిసిపోయింది, ఈ గదిలో నువ్వొక్కదానివే ఉన్నావనే మళ్ళీ మళ్ళీ ఫోను చేశాను."