మూడో వరసలో ముసలాయన

"ఏం నిచ్చెనా, మోకాళ్లకు తుప్పు పట్టిందా? పోయి గోడకు చేరబడు."

మూడో వరసలోంచి ఆ ముసలి గొంతు లేచేసరికి చుట్టుపక్కలవాళ్లంతా పగలబడి నవ్వారు.

నిచ్చెనలా పొడుగ్గా ఉన్న కెప్టెన్ పళ్లు నూరాడు. అడ్డొచ్చిన ఇద్దరినీ తప్పించుకుని దూసుకుపోయి, ఎగిరి బంతిని రింగులో కుక్కాడు.

"ఇప్పుడేమంటావు తాతా?" అక్కణ్ణించే అరిచాడు.

"ఒక్కటేసి ఊరేగింపు అడుగుతున్నాడు. ముందు ఆయాసం తీర్చుకోమనండి."

ఆ బాస్కెట్‌బాల్ జట్టు ఆ ఏడంతా అలాగే ఈడ్చుకొచ్చింది. ఒకటి గెలిస్తే ఒకటి ఓడేది. మరీ చెడ్డ జట్టని తిట్టిపోయడానికీ లేదు, మంచి జట్టని చెప్పుకోవడానికీ లేదు. ఓడిన మర్నాడు బస్సు కండక్టరు దగ్గర్నుంచి మంగలి దాకా అందరూ దుమ్మెత్తిపోసేవాళ్లే.

అందరూ ఓడాక తిడితే, ఈ ముసలాయన ఆట మొదలవుతూనే అందుకునేవాడు. అదీ కెప్టెన్ ఒక్కణ్నే. ఎవరో ఏమో, ఎవరికీ తెలియదు. ఆ నోటికి దడిచి జట్టువాళ్లు మిరపకాయ తాత అని పేరు పెట్టుకున్నారు.

ఇక ఆఖరి ఆట మిగిలింది. గెలిస్తే కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో చోటు, ఓడితే ఎవరింటికి వాళ్లు. ఇన్నేళ్లు ఆడినా కెప్టెన్ ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. వచ్చే ఏడు ఆడే ఓపిక ఆ మోకాళ్లలో లేదు. కోచ్ ఆ ఏడే కొత్తగా వచ్చాడు. ఓడితే ఆయన్నీ పంపేస్తామని యజమానులు మొహం మీదే చెప్పేశారు.

ఆట ముందు కెప్టెన్ మోకాలికి ఐసు పెట్టుకుని కూర్చున్నాడు.

"కోచ్ గారూ, ఆ ముసలాయన్ని ఇవాళ లోపలికి రానివ్వొద్దండీ."

కోచ్ బంతులకు గాలి చూస్తున్నవాడల్లా ఆగాడు. "వాగనీవయ్యా. చెవిన పెట్టుకోకు."

"మా ఆవిడ వస్తోంది. ఆవిడ ముందు ఆ మాటలు పడమంటారా?"

"ఈ ఒక్కపూట ఓర్చుకోరాదూ?"

"నావల్ల కాదండీ. ఆయనన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి."

కోచ్ ఏదో చెప్పబోయి మానుకున్నాడు. "నీ ఇష్టం" అన్నాడు.

గేటు దగ్గర కెప్టెన్ తనే నిలబడి ముసలాయన్ని కాపలావాడికి చూపించాడు. కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు.

"నీకు లోపలికి లేదు తాతా."

"ఎవరన్నారు?"

"నేనే అన్నాను" అన్నాడు కెప్టెన్. "నీ మొహం చూడకుండా ఒక్క ఆట ఆడుకోనీ."

ముసలాయన అతని ఎర్రబడ్డ కళ్లలోకి చూశాడు. "లోపల కూడా ఇలాగే చూడు" అని, తిరిగి బస్సు స్టాపు వైపు నడిచాడు.

"పోతూ పోతూ కూడా వెటకారమే" అనుకున్నాడు కెప్టెన్.

ఆ పూట ఎంత హాయిగా ఆడాడో. భార్య చెయ్యూపితే తనూ ఊపాడు. బంతి వస్తే పక్కవాడికి అందించాడు.

"అన్నా, నిద్రొస్తోందా?" అన్నాడు తోటి ఆటగాడు విసుగ్గా.

చివరి క్షణాల్లో జట్టు ఒక్క పాయింటు వెనకపడి ఉంది. బంతి కెప్టెన్ చేతికే వచ్చింది. ఎదురుగా ఇద్దరు. ఎప్పుడూ దూసుకుపోయేవాడే. కాళ్లు కదల్లేదు. బంతి పక్కవాడికిచ్చాడు. వాడు విసిరింది రింగు అంచుకు తగిలి బయటపడింది.

ఆట అయిపోయింది. చప్పట్లు కొట్టిన చేతులే నీళ్ల సీసాలు విసిరాయి.

మర్నాడు కెప్టెన్ వెళ్లేసరికి కోచ్ సామాను సర్దుకుంటున్నాడు.

"తీసేశారటగా?"

"ఆ."

"నిన్న నాకెందుకో ఒంట్లో వేడి పుట్టలేదండీ."

"ఎందుకో నాకు తెలుసు. కోపమొస్తేగాని నీ కాళ్లు లేవవు. నేను తిడితేనేమో తలొంచుకుని సరేనండీ అంటావు. ముక్కూ మొహం తెలియనివాడు తిట్టాలి నిన్ను."

కెప్టెన్ బిత్తరపోయాడు. "అంటే, ఆ తాతని మీరే..."

"నేనే కూర్చోబెట్టాను."

"మరి నిన్న ఆ ఒక్క ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే నీకిక కోపమెలా వస్తుంది?"

"ఎవరండీ ఆయన?"

కోచ్ సంచీ మూతి బిగించాడు.

"ఆట అయ్యాక ఇంటికొచ్చి, 'బంగారంలాంటి పిల్లాణ్ని అన్నన్ని మాటలన్నానురా' అని, కంచం ముందు కూర్చుని కూడా ముద్ద మింగుడుపడక లేచిపోయేవాడు మా నాన్న."