బూరల మోత

"ఇక్కడ బూరలెందుకు, మాస్టారూ?"

ఇగ్నాజ్ వాయించడం ఆపేశాడు. ప్రభువుగారి వాద్యబృందంలో మొదటి వయొలిన్ అతనిదే కాబట్టి మిగతావాళ్ళూ ఆగిపోయారు.

"రాశాను కాబట్టి," అన్నాడు హార్టుంగ్. ఫ్లూట్‌కి బృందమంతా తోడు వాయించే ఈ కొత్త కన్‌చెర్టో ఆయన రాసిందే. బృందానికి పెద్దా ఆయనే.

"మొదటి భాగం బాగుంది. ఎండలో లేగదూడ గెంతినట్టుంది. రెండోది నెమ్మదిగా పాడుకునే పాట కదా. ఫ్లూట్ ఓ మాట పలికీ పలక్కముందే బూరలు మీద పడుతున్నాయి. ఇంకో మాట, మళ్ళీ మోత. మాన్‌హైమ్‌లో సంగీతం తెలిసినవాళ్ళు వింటే నవ్విపోతారు."

"నవ్వనీ. మోత తగ్గితే మాత్రం ఊరుకోను."

"అసలు వెండెలిన్ ఏడీ? ఆ ఫ్లూట్ వాయించేది వాడు. వాణ్ణి మాతో కూర్చోనివ్వరేం?"

"నా ఇంట్లో విడిగా సాధన చేయిస్తున్నాను. నీకు చెప్పి చేయించాలా?"

ఇగ్నాజ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. ఫ్లూట్ కొలువు కోసం మాన్‌హైమ్ నుంచి ఎవడో కుర్రాడు అర్జీ పెట్టుకున్నాడు. వెండెలిన్‌ని ఉంచాలా పంపాలా అన్నది ఈ కచేరీ విన్నాకే తేలుస్తానన్నాడు ప్రభువు. కొలువు పోతే కోటలో ఇచ్చిన ఇల్లూ పోతుంది. వెండెలిన్ భార్యాపిల్లలతో వీధిన పడతాడు.

"మీ పాటల కన్నా వాడి ఫ్లూట్‌కే పేరొచ్చిందని కదూ ఈ కడుపుమంట? పదిమందిలో వాడి నోరు నొక్కేస్తున్నారు."

హార్టుంగ్ ముఖం కందగడ్డలా అయింది. కాగితాలు వెనక్కి తిప్పాడు. "మొదటి నుంచి వాయించండి," అన్నాడు.

కచేరీ రోజు ఇగ్నాజ్ బూరలవాళ్ళ చెవిలో వేశాడు. "రెండో భాగంలో చిన్నగా ఊదండి. పాపం, వాణ్ణి వినపడనివ్వండి."

రెండో భాగం మొదలైంది. వెండెలిన్ ఊదిన మొదటి మాటకే సభ కదలడం మానేసింది. అంత దుఃఖం, అంత తియ్యదనం. బూరలవాళ్ళు పెదవులు తడుపుకున్నారు. అప్పుడు హార్టుంగ్ వాళ్ళవైపు తిరిగి నేల అదిరేలా కాలితో తన్నాడు. ఆ చూపుకి జడిసి బుగ్గలు పగిలేలా ఊదారు. మోత వచ్చిన ప్రతిసారీ వెండెలిన్ గోడవైపు తిరిగిపోయాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడనుకుని ఇగ్నాజ్ పళ్ళు కొరికాడు.

ఆఖరి భాగం చిందులు తొక్కుతూ ముగిసింది. ప్రభువు చప్పట్లు కొట్టాడు. వెండెలినే ఉంటాడన్నాడు.

అయినా ఇగ్నాజ్ కోపం దిగలేదు. ఈ పెద్దమనిషిని ఇవాళ కడిగేయాల్సిందేనని వెనకగది తలుపు తోసుకుని వెళ్ళాడు.

వెండెలిన్ బల్లమీద వాలిపోయి ఉన్నాడు. హార్టుంగ్ నేలమీద మోకాళ్ళూని, ఒక చేత్తో పళ్ళెం పట్టుకుని, తన పట్టుచొక్కా చేతితో అతని పెదవులు తుడుస్తున్నాడు. పళ్ళెం ఎర్రగా ఉంది.

"ప్రభువుకి తెలిసిపోయిందా మాస్టారూ?" వెండెలిన్ రొప్పుతూ అడిగాడు. "తెలిస్తే రేపే వెళ్ళగొడతారు."

"లేదురా," అన్నాడు హార్టుంగ్.

ఆ మోతలో ఒక్క దగ్గూ వినపడలేదు.