హెడ్మాస్టరుగారి మెషీన్

హెడ్మాస్టరుగారు రిటైరై మూడు నెలలైంది. నాలుగు రోజులుగా ఆయన వాషింగ్ మెషీన్ ముందు నుంచి లేవడం లేదు. నీళ్లు నిండిన సంగతి దానికి తెలియడం లేదు. పొంగి గదంతా పారుతున్నాయి.

“నీటిమట్టం చూసే సెన్సర్ పోయిందయ్యా. ఉండు, నేను రాసుకున్న నోట్సు తెస్తాను,” అని మెకానిక్‌తో చెప్పి లోపలికి వెళ్లారు.

మెకానిక్ వెనక మూత విప్పి, సెన్సర్ నుంచి వేలాడుతున్న సన్నటి గొట్టంలో ఊదాడు. లోపల టిక్కుమంది.

“సెన్సర్ దివ్యంగా ఉందమ్మా,” అన్నాడు గుమ్మంలో నిలబడ్డ హెడ్మాస్టరుగారి భార్యతో. “నీళ్లెంత నిండాయో దానికి చేరవేసే ఈ గొట్టమే తొట్టి దగ్గర ఊడింది. క్లిప్పు తీసి ఎవరో లాగితే తప్ప ఊడదే!”

ఆవిడ గొంతు తగ్గించింది. “నేనే లాగాను నాయనా. రిటైరైన దగ్గర్నుంచి నా కూరలో, నా మాటలో, చివరికి నేను తలుపేసే తీరులో కూడా తప్పులు దిద్దుతున్నారు. ఈ నాలుగు రోజులే నా జోలికి రాలేదు.”

అంతలో హెడ్మాస్టరుగారు నోట్సుతో వచ్చారు. “ఏం తేలింది?”

మెకానిక్ గొట్టాన్ని అలాగే వదిలేసి మూత బిగించాడు. “అంత తేలిగ్గా తేలేది కాదు సార్. పెద్ద చిక్కే. వారం పడుతుంది.”

ఆయన మొహం వెలిగిపోయింది. నేల తుడవడానికి వంగిన ఆవిడ మాత్రం మెకానిక్ వైపు గుర్రుగా చూసి, “నెల అంటే నీ సొమ్మేం పోయింది?” అని గొణిగింది.