తాబేలు తాత ధ్యానం

ఆ చెరువులో తాబేలు తాతకు గొప్ప యోగి అని పేరు. తల, కాళ్లు డిప్పలోకి లాక్కుని ఇంద్రియాలను జయించానంటాడు.

ఒకరోజు నాచు తింటూ, అడ్డొచ్చిందని బాతుపిల్ల కాలు కొరికాడు. తల్లిబాతు అరుచుకుంటూ రావడం చూసి గబుక్కున డిప్పలో దూరాడు.

"ధ్యానంలో ఉన్నాను, తర్వాత రామ్మా!" అన్నాడు లోపలినుంచే.

డిప్పమీద పాకుతున్న నత్త అడిగింది: "తాతా, నువ్వు ధ్యానంలోకి వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు ఏడుస్తూ వస్తారేం?"

తాతకు ఒళ్లు మండింది. జవాబు కోసం లోపలంతా వెతుక్కున్నాడు. అంత చీకట్లోనూ బాతుపిల్ల ఏడుపు ఒక్కటే వినబడుతోంది.

తల బయటపెట్టి తల్లిబాతుతో అన్నాడు:

"ధ్యానం కాదమ్మా, దాక్కున్నాను. కొరికింది నేనే."