తల్లిచేప

టైలర్ కొట్లో గాజుతొట్టెలో గప్పీ అనే చిన్నచేప ఒకటి పిల్లల్ని పెట్టింది.

గుండుసూది తలంత పిల్లలు. ఒళ్ళంతా కళ్ళే.

పొద్దుట్నించీ అతను మిషన్ తొక్కలేదు. వచ్చినవాళ్ళందరికీ "రేపు రండి" అన్నాడు. అది ఎప్పుడూ అనే మాటే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

పోయిన కాన్పులో ఒక్క పిల్లా మిగల్లేదు. అప్పుడు కొన్నాళ్ళు అతనికి అన్నం సయించలేదు. ఆకలికే చచ్చిపోయి ఉంటాయని ఈసారి కోడిగుడ్డు ఉడకబెట్టి, పచ్చసొన లైనింగ్ గుడ్డలో మూటకట్టి, నీళ్ళలో మెల్లగా పిండుతున్నాడు. వీటినైనా బతికించుకోవాలి.

"తల్లిని తీసెయ్యి బాబూ."

గుమ్మంలో ఎవరో ఆవిడ. పాలిపోయి, చిక్కి శల్యమై ఉంది. చేతిలో కుట్టించుకోడానికి గుడ్డ కూడా లేదు.

"ఎందుకూ?"

"తినేస్తుంది. వేరే గిన్నెలో వెయ్యి దాన్ని."

"కన్న పిల్లల్ని తల్లి తింటుందా? ఎవరైనా వింటే నవ్విపోతారు."

"కావాలని కాదు బాబూ. తన పిల్లలని దానికి తెలీదు."

టైలర్‌కు చిర్రెత్తుకొచ్చింది.

"తల్లీపిల్లల్ని విడదీసే పాపం నాకొద్దమ్మా. నన్ను కంటూనే మా అమ్మ పోయింది. ఆ బాధేంటో మీకేం తెలుసు?"

ఆవిడ గోడ పట్టుకుని లోపలికొచ్చి తొట్టెలో చెయ్యి పెట్టి తల్లిచేప కోసం తడిమింది.

అతను ఆ చెయ్యి లాగి అవతలికి నెట్టాడు.

"బయటికి నడు! పిచ్చేమన్నా ఉందా నీకు?"

"ఉండేది," అందావిడ. తల దించుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి తొట్టెలో పిల్లలు కనబడలేదు.

ఒకే ఒక్క పిల్ల ఆకు కింద నక్కి ఉంది. అతను చూస్తుండగానే తల్లిచేప వచ్చి దాన్నీ గుటుక్కున మింగేసింది.

ఆవిణ్ణి అన్న మాటలు తలుచుకుంటే టైలర్‌కు సిగ్గేసింది. మళ్ళీ వస్తే కూర్చోబెట్టి, తప్పయిపోయిందని చెప్పాలనుకున్నాడు. రోజంతా గుమ్మం వైపే చూశాడు.

సాయంత్రం, అతన్ని పెంచి పెద్దచేసిన పెద్దమ్మ వచ్చింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"నిన్న నీ కొట్టుకి బక్కపల్చటి మనిషి ఒకావిడ వచ్చిందా?"

"వచ్చింది. నీకు తెలుసా పెద్దమ్మా? ఎక్కడుంటుంది? ఆవిడతో మాట్లాడాలి."

"పొద్దున ఆసుపత్రిలో ప్రాణం పోయింది. నిన్నొక్కసారి చూస్తానంటే కొట్టు గుర్తులు నేనే చెప్పాను."

"నన్నెందుకు చూడ్డం?"

పెద్దమ్మ అతని తల నిమిరింది.

"నీకు ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పానురా. పురిట్లో మతి చెదిరి, నువ్వెవరో కూడా తెలీక నీ మొహమ్మీద దిండు అదిమింది. తేరుకున్నాక, మళ్ళీ ఎప్పుడు ఏం చేస్తానోనని భయపడి, తనంతట తానే నిన్ను నా ఒళ్ళో పడుకోబెట్టి వెళ్ళిపోయింది మీ అమ్మ."