జల్లెడకు చిక్కినవాళ్లు

"ఆ కంప్యూటర్ ఎవరిదో చెప్పండి. ఇద్దర్నీ వదిలేస్తాను" అన్నాడు కమిషనర్.

బల్లకు అవతల ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకడు ముసలి వడ్రంగి. రెండోది వెల్డింగ్ షెడ్డు నడిపే ఆవిడ. మొగుడు పోయాక అతని పని ఆమే నెత్తికెత్తుకుంది. చేతుల నిండా కాలిన మచ్చలు.

బల్లకు ఇవతల, కమిషనర్ పక్కన, కార్పొరేషన్ కొనుగోళ్ల విభాగంలో డేటా చూసే మనిషి కూర్చున్నాడు. ఆఫీసులో అతన్ని జల్లెడ అంటారు. వీధిదీపం బల్బు నుంచి చెత్త లారీ దాకా ఏది కొన్నా, ఆ టెండర్లు అతను రాసిన ప్రోగ్రాంలోంచే పోవాలి. ఎక్కడ తేడా ఉన్నా తెర మీద ఎర్రగా వెలుగుతుంది.

పోయిన వారం అతను కొత్త నియమం ఒకటి పెట్టాడు. ఒకే పనికి ఒకే కంప్యూటర్ నుంచి రెండు టెండర్లు వస్తే, ఆ రెండు పార్టీలూ కుమ్మక్కయినట్టు లెక్క. నాలుగు పేర్ల మీద నాలుగు టెండర్లు వేసి అన్నీ తానే మింగే పెద్ద కాంట్రాక్టర్ని పట్టాలని అతని పంతం. వెనకటి టెండర్లన్నీ తెచ్చి అందులో పోశాడు. మధ్యలో ఎవరూ వేలు పెట్టకుండా, ఫలితం సూటిగా కమిషనర్‌కే వెళ్లేట్టు ఏర్పాటు చేసిందీ అతనే.

పెద్ద కాంట్రాక్టర్ ఒక్కో పేరుకీ ఒక్కో కంప్యూటర్ కొని పెట్టుకున్నాడు. చిక్కలేదు. బడి బెంచీల మరమ్మతుకు టెండర్లు వేసిన ఈ ఇద్దరూ చిక్కారు.

"భలే జల్లెడ పట్టావయ్యా" అన్నాడు పొద్దున స్టోర్స్ గుమస్తా. "రాళ్లన్నీ జారిపోయాయి. గింజలు పట్టుకొచ్చావు."

గది గదంతా నవ్వింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

ఆ తల ఇప్పటికీ ఎత్తలేకపోతున్నాడు.

"మీ ఇద్దరికీ ఏం చుట్టరికం?" కమిషనర్ అడిగాడు.

"ఏమీ లేదు సార్. ఈయన్ని ఇవాళే చూడ్డం" అంది ఆవిడ.

"ముక్కూ మొహం తెలీనివాళ్లు ఒకే మిషన్ మీద టెండర్లు పంపారా? నా చెవిలో పువ్వులేమైనా కనబడుతున్నాయా?"

"మాకా మీటలు నొక్కడం రాదు బాబూ" అన్నాడు వడ్రంగి. "ఉలి ఇవ్వండి, పట్టుకుంటాను. ఆ మిషనంటే నాకు చెమటలు. తెలిసినాయన పంపించిపెట్టాడు."

"ఎంత తీసుకున్నాడు?"

"పైసా అడగలేదు."

"ఊరికే చేశాడంటే వాడి లెక్క వేరే ఉందన్నమాట. ఆ పెద్ద కాంట్రాక్టరేనా? మిమ్మల్ని ముందు నిలబెట్టి వెనకనించి ఆడిస్తున్నాడా?"

వడ్రంగి నేల చూశాడు. "ఆయన పేరు మా నోట రాదు బాబూ."

"అంత భయమా!"

కమిషనర్ ఆవిడ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. చెప్పకపోతే మూడేళ్లు బ్లాక్ లిస్టు. కార్పొరేషన్ పని ఒక్కటి రాదు. షెడ్డుకి తాళమే."

"బడి పనులే మాకు ఆధారం సార్. నన్ను నమ్ముకుని ఇద్దరు పనివాళ్లున్నారు. నా కూతురి చదువుంది. తప్పు మాదే అనుకుని ఈ ఒక్కసారికీ..."

"పేరు."

ఆవిడ కమిషనర్ని చూసింది. గోడని చూసింది. జల్లెడని చూసింది.

"గుర్తులేదు సార్" అంది.

జల్లెడ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఇది కొత్త నియమం. ఎక్కడైనా పొరపాటు ఉండొచ్చు."

"పోయిన వారం నువ్వే కదయ్యా, దీన్ని తప్పించుకునే మొనగాడు లేడన్నావు? ఇంతకీ ఆ కంప్యూటర్ ఎవరిదో నీ ప్రోగ్రాం చెప్పదా?"

అతను నీళ్లు నమిలాడు. "మిషన్ నంబరు వరకే సార్. యజమాని పేరు రాదు."

"సరే. ఇద్దర్నీ ఎక్కించు లిస్టులోకి. ఇక్కడే, నా ముందే."

అతను మొదటి పేరు కొట్టాడు. ఖాయమేనా అని ప్రోగ్రాం అడిగింది. తొందరపాటుతో ఎవరి పొట్టా కొట్టకూడదని ఆ ప్రశ్న పెట్టింది అతనే. అవునని నొక్కాడు. రెండో పేరుకీ అడిగింది. మళ్లీ నొక్కాడు. తెర మీద రెండు పేర్లూ ఎర్రబడ్డాయి.

ఆవిడ ఏడవలేదు. కమిషనర్‌కి నమస్కారం పెట్టి బయటికి నడిచింది. ఏడ్చి శాపనార్థాలు పెట్టినా బాగుండేది అనిపించింది అతనికి.

మంచినీళ్ల వంకతో వరండాలోకి వచ్చాడు. ఇద్దరూ మెట్ల దగ్గర ఉన్నారు. వడ్రంగికి మోకాళ్లు పట్టేశాయి. ఆవిడ రెక్క పట్టుకుని దింపుతోంది.

"పదండి బాబాయ్. ఇక్కడ నిలబడితే ఏమొస్తుంది?"

"నేను..." అన్నాడు అతను.

వడ్రంగి వెనక్కి తిరిగాడు. "నీ పని నువ్వు చేశావు నాయనా. లోపలికి పో. మాతో మాట్లాడుతుంటే ఎవరైనా చూస్తారు."

చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. వాళ్లు గేటు దాటేదాకా చూసే ధైర్యం కూడా లేక లోపలికి వచ్చేశాడు.

కమిషనర్ ఫైలు మూస్తున్నాడు. "భయపడి చెప్పలేదు గానీ, ఆ మిషన్ ఊళ్లోనే ఎక్కడో ఉంటుంది. రేపట్నించి నువ్వే వెతుకు. దొరికితే వాణ్ని మాత్రం వదలను."

"అలాగే సార్" అన్నాడు అతను.

ఇంటికి వెళ్లగానే గది తలుపు గడియ పెట్టుకుని, మీటలు నొక్కడం రాదంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి బతిమాలిన ఆ ఇద్దరికీ జాలిపడి టెండర్లు పంపించిపెట్టిన తన కంప్యూటర్‌ను గోనెసంచిలోకి తోశాడు.