జలపాతానికి ట్యాంకర్

తాండూరులో రుక్సార్ వాళ్ళ గల్లీకి నల్లా నీళ్ళు రావు. అందుకే కాబోలు, మున్సిపాలిటీవాళ్ళు ఆమె ఇంటి గోడ మీద పెద్ద జలపాతం బొమ్మ వేయించారు.

పక్కనున్న బండల పాలిషింగ్ యూనిట్ల దుమ్ము ఎగిరొచ్చి జలపాతాన్ని కమ్మేసింది. వెంటనే నీళ్ళ ట్యాంకర్ వచ్చింది, బొమ్మ కడగడానికి.

"సారూ, జర తాగనీకె పోయుండ్రి," అని బతిమాలింది రుక్సార్.

"ముందుగాల బొమ్మ. దుమ్ముపట్టి కనవడితే మా ఇజ్జత్ పోతది. మిగిలితే పట్టుకోండ్రి," అన్నాడు సూపర్‌వైజర్ హనుమంతు.

మిగిలిన నీళ్ళతో గల్లీలో అందరి బిందెలూ నిండాయి.

వారం తిరక్కుండానే రుక్సార్ ఫోన్ చేసింది. "సారూ, మన జలపాతం మల్ల ఖరాబైంది. నాకు మీ ఇజ్జత్‌దే ఫికర్. జల్ది రాండ్రి."

ఫోన్ పెట్టేసి, చేతులకంటిన బండల పొడి దులుపుకుని, బిందెలు బయటికి తెచ్చింది.